రాకెట్ అక్షరాలు

కాశీబుగ్గ,
14 నవంబరు 1999

జనార్దనరావు బావకి త్రినాథ్ నమస్కారాలు.

పోయిన నెల తుఫానుకి పలాసలోనూ కాశీబుగ్గలోనూ నిలబడ్డ బోర్డు లేదు. నేను రాసినవే నలభై దాకా ఎగిరిపోయాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడి సంగతి విన్నాంగా, ఇప్పుడు వాణ్ణి నేనే. ఊరంతా రేకులు ఏరుకుంటుంటే నాకు చేతినిండా పని. మొగలిపుట్టుగలో మీ అప్ప జీడితోటలో ఎనిమిది చెట్లు పడ్డాయి. ఇల్లు బాగానే ఉంది, మనిషీ బాగానే ఉంది. "తెర్నాథూ, నాకేటీ అవలేదని మా తమ్ముడికి ముందు రాసీ" అంది. అందుకే అది ముందు రాశాను.

అసలు సంగతి వేరే. టెక్కలిలో టూ థౌజండ్ కంప్యూటర్స్ అని ఒక సెంటర్ పెట్టారు. ఓనరు నా దగ్గరికొచ్చి "మావా, ఇప్పుడున్న అచ్చరాలొద్దు. రేపొచ్చే అచ్చరాలు రాయి" అన్నాడు. మన తెలుగేమో అంతా సున్నాలూ, మెలికలూ. రెండు రోజులు గోడ ముందు ఊరికే కూర్చున్నాను. మూడో రోజు, వంపు అన్నది లేకుండా రాద్దామని పంతం పట్టాను. సుద్దదారం కొట్టి, స్కేలు పెట్టి, గుండ్రం ఉన్న ప్రతిచోటా మూలలు కోశాను. లావుపాటి గీతలు, పక్కకి వాలిన తలకట్లు. నీలం రంగు, అంచుకి వెండిరంగు. డ్రైవర్లు బస్సులు ఆపి చూస్తున్నారు బావా. ఫొటో తీయించి ఇందులో పెట్టాను. కంప్యూటర్లో అక్షరాలు తయారుచేసే కంపెనీలోనే ఉన్నావు కదా, చూసి నిజం చెప్పు.

త్రినాథ్


చిక్కడపల్లి, హైదరాబాదు,
5 డిసెంబరు 1999

ఒరేయ్ బావా,

నిజం చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. నీ 'క' చూస్తే గొడ్డలి గుర్తొచ్చింది. నీ 'అ' మీద పీట వేసుకోకుండానే కూర్చోవచ్చు. అక్షరాలు గుండ్రంగా రావడం లేదని టెక్కలి బడిలో మాస్టారు నీ వేళ్ళ మీద బెత్తంతో కొట్టేవారు. పాతికేళ్ళు ఆగి పగ తీర్చుకున్నావు.

ఇక రెండో నిజం. ఈ కంపెనీ జగన్నాథరావు గారిది. ఆయన నోటి నుంచి ఒక మెప్పు రావాలంటే పురిటి నొప్పులే. అలాంటి మనిషి నీ ఫొటోని భూతద్దం పెట్టి చూసి, "మొత్తం రాసి పంపమను" అన్నారు. అచ్చులు, హల్లులు, గుణింతాల గుర్తులు, వత్తులు, అంకెలు, అన్నీ విడివిడి ముక్కలుగా రెండు వందల పైచిలుకు. వాటిని స్కాన్ చేసి ఫాంట్ చేస్తే, మీట నొక్కిన ప్రతివాడూ నీ రాతే రాస్తాడు. పోస్టుకార్డంత సైజులో రాయి. అంతకంటే పెద్దవి వద్దు, మా స్కానర్ చిన్నది.

మా అప్పకి ఉత్తరం రాస్తే ఎవరి చేత చదివించుకుంటుంది? పక్కింటి బొడ్డమ్మతో మాటల్లేవు, ఆ గట్టు తగాదా ఇంకా తేలలేదు. జీడిపిక్కలు కొట్టి కొట్టి నన్ను చదివించింది గానీ, తను మాత్రం బడి గడప ఎక్కలేదు. అప్పని కట్టుకున్న బావ పోయాక మరీ ఒంటరిదైంది. అటు వెళ్ళినప్పుడల్లా నా మాటగా నాలుగు ముక్కలు చెబుతూ ఉండు. నీ నోరే నా ఉత్తరం అనుకుంటాను.

జనార్దన్


కాశీబుగ్గ,
20 ఏప్రిల్ 2000

బావా,

పోస్టుకార్డంత సైజు నా వల్ల కాలేదు. నాలుగు నెలలు తంటాలు పడ్డాను. నా రాత మణికట్టులోంచి రాదు, భుజంలోంచి వస్తుంది. చిన్నగా రాస్తే పిల్లల చేతిరాతలా ముడుచుకుపోతోంది. అందుకని జీడిపప్పు అట్టపెట్టెలు విప్పదీసి, ఒక్కో అట్ట మీద ఒక్కో ముక్క, రెండడుగుల ఎత్తున రాశాను. మొత్తం రెండు వందల పద్నాలుగు. నాలుగు మూటలు కట్టి పలాస స్టేషన్లో పార్సిల్ వేశాను. "ఏటి బావా, నాటకం సామానా?" అన్నాడు అక్కడి గుమాస్తా. తిట్టుకోకు.

ఇక్కడ అందరికీ ఇదే రాత కావాలి. వీడియో ఆటల కొట్టు, ఎస్టీడీ బూత్, ఇచ్ఛాపురం ప్రైవేటు బస్సు వెనక అద్దం, నౌపడలో ఉప్పు లారీ. ఒక పడవ మీద గంగమ్మ పేరు కూడా ఇలాగే రాయించుకున్నారు. "ఇలగ రాస్తే అమ్మోరు బేగెల్తాది" అన్నాడు పడవ ఆసామి. గుండ్రంగా రాయమని అడిగేవాడే లేడు. అడిగినా ఇప్పుడు నా చెయ్యి తిరగదేమో.

అప్ప బాగుంది. కాజూ ఫ్యాక్టరీలో పప్పు పని దొరికిందట, వారంలో నాలుగు రోజులు పలాస వస్తోంది. నీ మాటలు చెప్పాను.

త్రినాథ్


చిక్కడపల్లి, హైదరాబాదు,
11 మే 2000

బావా,

నీ నాలుగు మూటలూ రిక్షాలో వస్తే వీధిలో వాళ్ళంతా నేను ఇల్లు మారుతున్నాననుకున్నారు. స్కానర్లో పట్టవు కాబట్టి డాబా మీద ఎండలో పరిచి, నీళ్ళ ట్యాంకు ఎక్కి ఒక్కోదాన్నీ ఫొటో తీశాను. రెండు రోజులు పట్టింది. ముక్కు తోలు ఊడిపోయింది. నిన్ను తిట్టుకోలేదు అని అబద్ధం చెప్పలేను.

అన్నీ కలిపి మొదటిసారి స్క్రీన్ మీద 'మొగలిపుట్టుగ' అని కొట్టి చూశాను. మన ఊరు చంద్రుడి మీద ఉన్నట్టుంది. జగన్నాథరావు గారు 'రాకెట్' అని పేరు పెట్టారు. నీకు వేరే పేరు కావాలంటే చెప్పు, నేను పోట్లాడతాను.

జనార్దన్


కాశీబుగ్గ,
9 జూన్ 2001

బావా,

జవాబు రాయడానికి ఏడాది పట్టింది. రాకెట్ అనే ఉండనీ. ఇక్కడ కూడా అందరూ అలాగే అంటున్నారు.

ఈ నెలలో మన ఊళ్ళో పని చేశాను. యువజన సంఘం సూర్యం పిలిచాడు. ఊళ్ళో కిడ్నీ జబ్బు ఎలా పెరుగుతోందో నీకు తెలుసు. నీళ్ళ వల్లో, మరి దేని వల్లో డాక్టర్లకే తేలలేదు. తేలేదాకా ఆగడం ఎందుకని, అనుమానం ఉన్న ఏడు బావుల నీళ్ళు తాగొద్దని సంఘం వాళ్ళు తీర్మానం చేశారు. వీధి మొదట్లో ట్యాంకరు నీళ్ళు పెడుతున్నారు. బావుల గోడల మీద 'ఈ నీరు తాగరాదు' అని రాయాలి. "సూడగానే కంటికి కొట్టాల" అన్నాడు సూర్యం.

కంటికి కొట్టడమంటే ఇంకేముంది, రాకెట్టే. ఎర్రరంగు పాతబడిపోయింది, కరెంటు స్తంభం మీద పుర్రె బొమ్మలా ఉంటుందని, కంప్యూటర్ సెంటర్‌కి వాడిన నీలమే వాడాను. వెండి అంచు కూడా వేశాను. ఆఖరిది మీ జీడితోటలో బావి. మధ్యాహ్నం దాకా పట్టింది. అప్పకి ఆ రోజు ఫ్యాక్టరీ లేదు. పిక్కలు ఎండబోస్తూ నాతో మాట్లాడుతూనే ఉంది. నీకు పెళ్ళెందుకు కాలేదని నన్ను నిలదీసింది, తప్పు నాదే అన్నట్టు. బావికి మంచి కళ వచ్చింది. ఫొటో తీయడానికి రీలు అయిపోయింది.

త్రినాథ్


చిక్కడపల్లి, హైదరాబాదు,
2 సెప్టెంబరు 2001

బావా,

రాకెట్ సీడీ బయటికొచ్చింది. నెల తిరక్కుండా ఎక్కడపడితే అక్కడ కనిపిస్తోంది. చిప్స్ పొట్లం మీద ఉంది, కరాటే స్కూలు గోడ మీద ఉంది, ఒక చానల్లో సైన్సు కార్యక్రమం పేరు కూడా ఇదే. మొన్న మా వీధిలో ఒక ఆసామి గృహప్రవేశం కార్డు రాకెట్లో వేయించాడు. గణపతి శ్లోకం చదవబోతే ముహూర్తం దాటిపోయేలా ఉంది. ఏ రాత ఎక్కడ వాడాలో జనానికి చెప్పేవాడు లేడు.

బావుల సంగతి రాశావు. మంచి పని. వీధి మొదటి నుంచి తోట దాకా బిందె మోయడం అప్పకి కష్టమే. అయినా ప్రాణం కంటే ఎక్కువ కాదుగా. ఆ నీళ్ళు ముట్టొద్దని నువ్వు గట్టిగా చెప్పే ఉంటావు. ఈ ఏడూ నాకు రావడం కుదిరేలా లేదు. నువ్వున్నావన్న ధీమా.

జనార్దన్


కాశీబుగ్గ,
3 ఫిబ్రవరి 2003

బావా,

ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను.

అప్పకి ఆరు నెలలుగా కాళ్ళు వాస్తున్నాయి. నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. నిన్న విశాఖపట్నం తీసుకెళ్ళి చూపించాను. రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయన్నారు. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించాలన్నారు. ఆవిడ డాక్టరు మాట విని, "అయితే ఫ్యాక్టరీకి ఏ రోజులెల్లాల?" అని అడిగింది. నువ్వు రా.

నా పని తగ్గింది. పలాసలో ఫ్లెక్సు మిషను పెట్టారు. పదడుగుల బోర్డు పావుగంటలో బయటికి వస్తోంది. దాని మీద రాకెట్ అక్షరాలు చూశాను. ఆ కుర్రాళ్ళకి అవి ఎవరివో తెలియదు. నేను చెప్పలేదు. చెప్పాలనీ అనిపించలేదు.

త్రినాథ్


చిక్కడపల్లి, హైదరాబాదు,
1 మార్చి 2003

బావా,

నిన్ననే దిగాను. అప్ప దగ్గర ఉన్న వారం రోజులూ నీతో మాట్లాడాలనుకుంటూనే మాట్లాడకుండా వచ్చేశాను. ఆసుపత్రి బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం, ఇద్దరం గోడ చూశాం. అందుకే ఇది రాస్తున్నాను.

వీధిలో అందరూ ట్యాంకరు నీళ్ళు పట్టుకుంటున్నారు. అప్ప మాత్రం ఈ రెండేళ్ళూ బావినీళ్ళే తాగిందట. ఎదురుగా నీ రాత ఉంది. ఎందుకు తాగావని అడిగితే నవ్వి, "అదా? నాను కంప్యూటర్ అనుకున్నాను" అంది. ఏమిటి దానర్థం? మళ్ళీ అడిగితే కళ్ళు మూసుకుంది.

నువ్వు చెప్పలేదా? తిట్టడానికి అడగడం లేదు. నాకు తెలియాలి, అంతే.

జనార్దన్


కాశీబుగ్గ,
20 మార్చి 2003

బావా,

చెప్పలేదు.

గోడ మీద రాశాను కాబట్టి చెప్పినట్టే అనుకున్నాను. ఆవిడకి చదువు రాదని నాకు తెలియకనా? తెలుసు. సంఘం వాళ్ళు చాటింపు వేయించారు, కానీ ఆ రోజు ఆవిడ ఫ్యాక్టరీలో ఉంది. ఆ బావి వాడేది మీ ఇల్లూ, బొడ్డమ్మ ఇల్లూ. వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

కంప్యూటర్ సంగతి నేనూ అడిగాను. అప్పుడు తెలిసింది నాకు. అప్పకి అక్షరాలు రావు గానీ రాతలు వచ్చు. కింద తోకలా వత్తు వేలాడే బోర్డున్న బస్సు టెక్కలి బస్సు, తోక లేనిది పలాస బస్సు. ఎర్రగా గుండ్రంగా ఉంటే ముట్టుకోకూడదు. మూలలు తేలి, నీలంగా, వెండి అంచుతో ఉంటే కంప్యూటరూ, వీడియో ఆటలూ. "నువ్వు ఊరంతా అయ్యే రాత్తావు గదా, మన నూతికాడ కూడా ఏదో కంప్యూటర్ బోర్డు రాసినావనుకున్నాను" అంది. ఇన్నేళ్ళుగా ఆవిడ నా బోర్డులన్నీ చూసిందట. పలాస నుంచి టెక్కలి దాకా ఏది నేను రాసిందో, ఏది మరొకరు రాసిందో చెప్పగలదు. అది విని ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను.

మర్నాడు ఏడు బావులూ సున్నం కొట్టి, ఎర్రరంగుతో, పాత గుండ్రని రాతలో మళ్ళీ రాశాను. తిరగదనుకున్న చెయ్యి తిరిగింది. ఇక బోర్డులు మానేశాను. పలాసలో ఒక ఇనప కొట్లో కూర్చుంటున్నాను.

ఒక్కటి అడుగుతాను. రాకెట్‌ని సీడీలోంచి తీయించెయ్. మరో ఊళ్ళో మరో గోడ మీద ఎవడు దేనికి వాడతాడో తెలియదు. నా చేతిలోంచి వచ్చింది, నేనే ఆపమంటున్నాను.

త్రినాథ్


చిక్కడపల్లి, హైదరాబాదు,
12 ఫిబ్రవరి 2004

బావా,

అప్ప పోయి నేటికి యాభై రోజులు. కర్మకాండలన్నీ అయ్యాక రైలు దిగి, సరాసరి ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రం దాకా వత్తులు సరిచేశాను. ఎవరో టీ ఇచ్చారు, తాగాను. ఏడుపు వస్తుందేమోనని బాత్రూములోకి వెళ్ళి నిలబడ్డాను. రాలేదు. చేతులు కడుక్కుని వచ్చాను. రోజులు అలాగే వెళ్తున్నాయి.

కర్మల్లో నువ్వు చేసిందంతా చూశాను. కట్టెలు నువ్వే మోశావు, భోజనాలు నువ్వే వడ్డించావు, ఒక్క ముద్ద తినలేదు. నా ముఖంలోకి చూడలేదు. అందుకని ఒక మాట స్పష్టంగా రాస్తున్నాను, దాచుకో. నీ మీద నాకు కోపం లేదు. జబ్బు నీళ్ళ వల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ నీళ్ళు తాగనివాళ్ళూ పోయారు. 'చెప్పు' అని నీకు ఒక ముక్క రాసి, చెప్పావా లేదా అని ఏడాదిన్నర అడగనివాణ్ణి నేను. లెక్కకొస్తే నా పేరే ముందుంటుంది.

కానీ ఆ రాత నిన్ను తినేస్తోంది. అందుకే జగన్నాథరావు గారిని ఒప్పించాను. వచ్చే నెల కొత్త సీడీలో రాకెట్ ఉండదు. మా దగ్గరున్న ఫైళ్ళు, నీ అట్టల ఫొటోలు, అన్నీ చెరిపేస్తాం. దీంతో ఒక కాగితం పెట్టాను, రాసినవాడిగా నువ్వు సంతకం చేసి పంపాలి. నేను ఇంతకాలంలో తయారుచేసిన వాటిలో నాకు బాగా నచ్చింది అదే. అయినా పోనీ. తప్పంతా ఆ అక్షరాలదే అనుకుందాం. వాటిని తీసేశాక మనిద్దరం మళ్ళీ మామూలుగా ఉత్తరాలు రాసుకుందాం.

జనార్దన్


కాశీబుగ్గ,
6 మార్చి 2004

బావా,

సంతకం పెట్టలేదు. కాగితం తిప్పి పంపుతున్నాను. రాకెట్‌ని తీయొద్దు.

నీకు రాసినవాటిలో అబద్ధం లేదు. కానీ ఒక సంగతి రాయలేదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు వారాలు తిరిగాను. తప్పు అక్షరాలదే అనుకుందాం అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను.

ఆ రోజు మీ తోటలో బావి గోడ మీద రాస్తుంటే, పదకొండు గంటలకే నా గొంతు ఎండిపోయింది. అప్ప చూసి, "ఎండకి మాడిపోతన్నావు, ఉండు" అని లేచింది. నా ముందే బావిలో చేద వేసి, తోడి, చెంబుతో తెచ్చింది. అప్పటికి 'ఈ నీరు' వరకూ రాశాను. కుడిచేతిలో బ్రష్షు ఉంది. ఎడంచేత్తో చెంబు అందుకుని తాగాను. ఏమీ ఆలోచించలేదు. పాతికేళ్ళుగా అంతే. పెళ్ళి బోర్డు రాసినా, చావు బోర్డు రాసినా, గీత గీతకీ మధ్య ఎడం సరిపోయిందా లేదా అన్నదే నా గొడవ. అందులో ఏం రాసి ఉందో చదివే అలవాటు నాకే లేదు. మూతి తుడుచుకుని, బ్రష్షు రంగులో ముంచి, 'తాగరాదు' రాశాను.

అప్ప పదకొండో రోజున వంటల దగ్గర బొడ్డమ్మ నన్ను పక్కకి పిలిచింది. "మాటల్లేపోతే మాత్రం మనుసులం కామా బాబూ. నువ్వు రాసిన మూడో నెల్లోనే మా కూతురు గౌరిని పంపి సెప్పించినాను, ఆ నీలు తాగొద్దని రాసున్నాదని. రాసినోడే నా కల్లముందు తాగినాడు, నాకేటవుద్ది అన్నాదట మీ అప్ప" అంది. గౌరి పక్కనే ఉంది, అవునని తలూపింది.

ఆ మాట అప్ప నీతో అనలేదు. నాతోనూ అనలేదు. కంప్యూటర్ అనుకున్నానని ఇద్దరికీ చెప్పి ఊరుకుంది. మొదట్లో నిజంగా అలాగే అనుకుని ఉంటుంది. ఆ తర్వాతి సంగతి మాత్రం తనలోనే ఉంచుకుంది. నేను కూడా అంతా అక్షరాల మీదకి తోసి, ఇనప కొట్లో కూర్చున్నాను. నువ్వు ఓదార్చావు. ఓదార్పు తీసుకున్నాను.

నేనూ రక్తపరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. ఆ కాగితం పట్టుకుని బయటికొస్తే సంతోషమూ వేయలేదు, సిగ్గూ వేయలేదు.

నువ్వు ఇకమీదట రాయకపోయినా నేను అడగను. ఉన్నది ఉన్నట్టు పూర్తిగా చెప్పి ముగిస్తాను. ఆ నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయి బావా. రెండో చెంబు నేనే అడిగాను.

త్రినాథ్